గాజుతొట్టిలో పగడపు దిబ్బ: దీపమును, పరికరములను ఎన్నుకొనుట

ఉప్పునీటితో నిండిన చిన్న గాజుతొట్టి, అందులో రాతిని పట్టుకొని మెల్లగా ఊగుచున్న మెత్తని పగడపు జీవులు, వాని నడుమ తిరుగాడు రెండు చిన్న చేపలు. ఇట్టి తొట్లు మన నగరములలో ఇప్పుడు కొన్ని ఇండ్లలోను, అలంకారపు చేపలు అమ్ము దుకాణములలోను కానవచ్చుచున్నవి. చూచినవారికి తమ యింటను అట్టి తొట్టి యుండిన బాగుండునను కోరిక పుట్టుట సహజము. కాని బంగారు చేపలను పెంచిన అనుభవము ఈ పనికి చాలదు. మంచినీటి తొట్టిలో చిన్న పొరపాట్లు సరిదిద్దుకొనుటకు వ్యవధి యుండును. పగడపు తొట్టిలో ఆ వ్యవధి తక్కువ. తొట్టి చిన్నదైన కొలది మరింత తక్కువ. వేలకొలది రూపాయలు వెచ్చించి, రెండు మూడు నెలలలో జీవులు నశింపగా, తొట్టిని అటకపై పెట్టినవారు అరుదు కారు.

ఇట్లు జరుగుటకు ముఖ్యమైన కారణము కొనుగోలు చేయు వరుసయే. సాధారణముగా మొదట తొట్టిని కొందురు, పిదప చేపలను, ఆ పిదప అందము కొరకు ఒక పగడపు జీవిని, అది వాడిపోవుచుండగా చూచి చివరకు మంచి దీపమును. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఈ వరుసను తలక్రిందులు చేయవలెనని. మొదట ఏ జీవిని పెంచదలచితిమో నిశ్చయించుకొనవలెను. పిదప ఆ జీవికి తగిన కాంతిని ఎన్నుకొనవలెను. తక్కిన పరికరములు నీటిని మారిపోకుండ నిలుపుటకే యని గ్రహించి, ఆ పనికి అవసరమైనవానిని మాత్రమే కొనవలెను.

ఈ వరుసకు కారణము పగడముయొక్క జీవితములోనే యున్నది. పగడము రాయి కాదు, మొక్కయు కాదు, అది జంతువు. చిన్న సంచివంటి శరీరము, పైన నోరు, నోటి చుట్టును వ్రేళ్లవంటి స్పర్శకములు. ఇట్టి జీవులు వందలు, వేలు కలిసి ఒక కుదురుగా బ్రదుకును. దిబ్బలను నిర్మించు జాతుల శరీరములలో శైవలములు, అనగా నాచు జాతికి చెందిన ఏకకణ జీవులు, కాపురముండును. ఈ శైవలములు పగటి వెలుగును గ్రహించి చక్కెరవంటి పదార్థములను తయారుచేయును. అందులో అధిక భాగము ఆతిథ్యమిచ్చిన జంతువునకే చేరును. బదులుగా జంతువు శైవలమునకు నివాసమును, తన వ్యర్థములలోని నత్రజనిని, బొగ్గుపులుసు వాయువును ఇచ్చును. పగడము తన స్పర్శకములతో సూక్ష్మజీవులను పట్టి తినునుగాని, దానికి ముఖ్యమైన వంటయిల్లు ఈ శైవలములే.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు ఒక్కనాట తెలిసినది కాదు. 1928-29 సంవత్సరములలో సి. ఎం. యంగ్ నాయకత్వమున ఒక బ్రిటిష్ పరిశోధక బృందము ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ వద్ద లో ఐల్స్ అను చిన్న దీవులపై నివసించి పగడములను పరిశీలించినది. చీకటిలో ఉంచిన పగడములు తమలోని శైవలములను క్రమముగా కోల్పోవుటను వారు గమనించిరి. 1959లో జమైకాలో పరిశోధించిన థామస్ గోరో, రేడియోధార్మిక కాల్షియమును ఉపయోగించి, పగడములు చీకటిలోకంటె వెలుతురులో ఎక్కువ వేగముగా సున్నపుటెముకను కట్టునని చూపెను. శైవలము వండిన ఆహారము జంతువు శరీరములోనికి చేరుటను 1960ల దశకములో అమెరికా శాస్త్రజ్ఞుడు లియోనార్డ్ మస్కటైన్ తన సహచరులతో కలిసి నిరూపించెను. కావున పగడపు తొట్టికి దీపము అలంకారము కాదు, అది ఆహారము. తక్కువ కాంతిలో పగడము ఆకలితో కృశించును. హఠాత్తుగా ఎక్కువ కాంతి పడిన శైవలములు దెబ్బతిని, జీవి తెల్లబారును.

ఇక ఏ జీవిని పెంచవలెనను ప్రశ్న. ఇది కేవలము ఇష్టమునకు సంబంధించినది కాదు; మన దేశములో చట్టమునకు సంబంధించినది కూడ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముయొక్క మొదటి షెడ్యూలులో 2001లో దిబ్బలు కట్టు రాతి పగడములన్నియు, నల్ల పగడములు, అగ్ని పగడములు, ఆర్గన్ పైప్ పగడము, సముద్రపు విసనకర్రలు చేర్చబడినవి. సముద్రపు గుఱ్ఱములును రక్షణ పొందినవే. నేటికిని ఇవి రక్షిత జీవులే. పులిని ఇంటిలో పెంచరాదనునట్లే, కచ్ సింధుశాఖనుండిగాని, మన్నారు సింధుశాఖనుండిగాని, లక్షద్వీపములనుండిగాని, అండమాను దీవులనుండిగాని తెచ్చిన రాతి పగడమును, ఆ దిబ్బనుండి ఊడదీసిన రాతిని ఇంటిలో ఉంచుకొనరాదు. విదేశపు పత్రికలలోని రంగురంగుల కొమ్మల పగడముల బొమ్మలు చూచి వానిని కోరుట మనకు తగదు.

మరి ఏమి మిగులును? పుట్టగొడుగు పగడములు, జొయాంథిడ్స్ అను బొత్తామువంటి జీవులు, తోలు పగడములు మొదలగు మెత్తని జాతులు ఆ జాబితాలో పేర్కొనబడలేదు. అయినను చట్టప్రకారము దిగుమతియైనవియో, తొట్లలోనే పిలకలుగా పెంచినవియో అయిన జీవులనే, రసీదు తీసుకొని కొనవలెను. సందేహమున్నచో అటవీ శాఖవారిని అడిగి తెలిసికొనవలెను. చేపల విషయములో మనకు మరికొంత సౌకర్యము కలదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించు పద్ధతులను రూపొందించియున్నారు. హేచరీలో పుట్టిన చేప తొట్టికి అలవాటుపడినది. దానికై ఏ దిబ్బయు దోపిడికి గురికాలేదు. మొదటి తొట్టికి ఈ మెత్తని పగడములు, ఒక జత క్లౌన్ చేపలు చాలును. వీని అవసరములు తక్కువ కావున మనకు కావలసిన దీపమును, పరికరములును తక్కువ ఖరీదులోనే లభించును.

జీవిని నిశ్చయించుకొన్నాము, ఇప్పుడు కాంతి. సముద్రపు నీరు అన్ని రంగులను సమానముగా లోనికి పోనీయదు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు త్వరగా పీల్చివేయును. పది మీటర్ల లోతునకు అది దాదాపు లేకుండ పోవును. నీలికాంతి మాత్రము స్వచ్ఛమైన నీటిలో చాల లోతునకు దిగును. సముద్రముయొక్క నీలిమకు ఆకాశపు ప్రతిబింబమే కారణమను భావమును మన సి. వి. రామన్ 1921లో ఇంగ్లండునుండి తిరిగి వచ్చు ఓడ ప్రయాణములో ప్రశ్నించెను. నీటి ఉపరితలమునుండి వచ్చు ప్రతిబింబమును నికాల్ పట్టకముతో తొలగించి చూచినను నీలిమ పోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని ఆయన మరుసటి సంవత్సరము విపులముగా వివరించెను. బాల్యమున విశాఖపట్టణములో చదువుకొనిన రామన్‌కు సముద్రము క్రొత్తది కాదు. ఆయన వివరించిన ఆ నీలిరంగు వెలుగులోనే పగడములు బ్రదుకును. వానిలోని శైవలములు నీలి, నీలిపచ్చ కాంతులను గ్రహించుటకు తగిన వర్ణద్రవ్యములను కలిగియున్నవి.

మీ ఇంటి రేడియోలో ముల్లును సరియైన తావునకు త్రిప్పిననే స్టేషను పలుకును. ప్రసారము ఎంత శక్తివంతమైనదైనను ముల్లు వేరొకచోట నున్నచో వినిపించదు. శైవలములు కూడ అట్లే. వానికి ముఖ్యమైన తావు 400 మొదలు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల కాంతి. ఇంటిలో వాడు పసుపుపచ్చని బల్బు గది నిండ వెలుగునిచ్చినను, ఈ తావున దాని బలము స్వల్పము. పూర్వము ఈ తొట్లపై మెటల్ హాలైడ్ దీపములను, సన్నని ఫ్లోరెసెంట్ గొట్టములను వాడిరి. మొదటివి నీటిని కాచివేయును. రెండవవి పాదరసము కలవి, కాలక్రమమున బలము తగ్గునవి. నేడు ఎల్.ఇ.డి. దీపములు వాని స్థానమును ఆక్రమించినవి. నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన జపానీయ శాస్త్రజ్ఞులు అకసాకి, అమానోలకును, జపానులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నకమురాకును 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. ఆ నీలి దీపమే ఇప్పుడు చిన్న పగడపు తొట్టిని సామాన్య గృహస్థునకు అందుబాటులోనికి తెచ్చినది.

దీపమును కొనునప్పుడు పెట్టెపై వ్రాసియుండు ల్యూమెన్ల సంఖ్యను చూచి మోసపోరాదు. ల్యూమెన్ మన కంటిని అనుసరించు కొలత. మన కన్ను 555 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని బాగుగ గుర్తించును. 450 నానోమీటర్ల నీలికాంతికి అందులో నూటికి నాలుగు వంతుల స్పందన మాత్రమే కలదు. అనగా శైవలమునకు విందు పెట్టగల నీలి దీపము ల్యూమెన్లలో పేదదిగ కనబడును. కెల్విన్లలో చెప్పు సంఖ్య కాంతియొక్క రంగును సూచించును గాని బలమును తెలుపదు. పగడపు తొట్టికి అమ్ము దీపములపై 14,000 మొదలు 20,000 కెల్విన్ల సంఖ్య కానవచ్చును. దాని భావము నీలిమ అధికమని మాత్రమే.

బలమును తెలుపు సరియైన కొలతకు ‘పార్’ అని పేరు. ఒక చదరపు మీటరుపై ఒక్క సెకనులో పడుచున్న, కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చు కాంతి కణముల లెక్క అది, మైక్రోమోల్స్‌లో చెప్పుదురు. ఉష్ణమండలములో నడినెత్తిన సూర్యుడున్నప్పుడు నేలపై ఇది సుమారు 2,000 వరకు ఉండును. పుట్టగొడుగు పగడములకు 50 నుండి 100 వరకు చాలును. జొయాంథిడ్స్‌కు, తోలు పగడములకు 80 నుండి 150 వరకు తగును. కొమ్మల రాతి పగడములు 200 నుండి 350 వరకు కోరును. కాని అవి మనకు చట్టరీత్యా పనికిరావు కదా. కావున విదేశపు సలహాలను చదివి మిక్కిలి బలమైన దీపమును కొనుట మనకు ధనవ్యయమే కాక, జీవులకు హాని కూడ.

ఒక ఉదాహరణము తీసికొందము. తొట్టి పొడవు 60, వెడల్పు 40, ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకొందము. అందులో 96 లీటర్లు పట్టును. రాళ్లు, ఇసుక పోగా నీరు సుమారు 80 లీటర్లు. దీనికి నీలి, తెలుపు భాగములను విడివిడిగా హెచ్చించి తగ్గించు వీలుగల 40 నుండి 60 వాట్ల ఎల్.ఇ.డి. దీపము సరిపోవును. దానిని నీటికి 20 నుండి 25 సెంటీమీటర్ల ఎత్తున వ్రేలాడదీయవలెను. మరీ దగ్గరగా నుంచిన నడుమ మాత్రము తీక్షణముగా పడి, మూలలలో చీకటి మిగులును; ఉప్పునీటి తుంపర దీపమును తినివేయును. దీపము వెనుక వేడిని వెడలనంపు రెక్కలు, తుంపర తగులకుండ గట్టి గాజు, వారెంటీ, మరమ్మతు చేయగల దుకాణము, ఈ నాలుగును చూచుకొని కొనవలెను. పార్ కొలుచు యంత్రము ఖరీదైనది. దానిని కొనక, దుకాణదారునిగాని, ఈ వ్యసనము గల మిత్రునిగాని ఒక దినమునకు అడిగి తెచ్చుకొనుట మేలు.

దీపము మంచిదైనంత మాత్రమున మొదటి దినముననే పూర్తి బలముతో వెలిగించరాదు. క్రొత్తగా తెచ్చిన జీవి ఎట్టి వెలుతురులో నుండి వచ్చినదో మనకు తెలియదు. మూడవ వంతు బలముతో ప్రారంభించి, మూడు నాలుగు వారములలో క్రమముగా పెంచవలెను. దినమునకు ఎనిమిది తొమ్మిది గంటల వెలుగు చాలును. ఇంటికి చుట్టములు వచ్చిరని అర్ధరాత్రి వరకు వెలిగించుట తగదు. చేతితో వేయుట, ఆర్పుట ఎవరికిని నియమముగా సాగదు కావున, గడియారపు స్విచ్చి తప్పనిసరి. పుట్టగొడుగు పగడము ముడుచుకొని రంగు పాలిపోవుచున్న కాంతి ఎక్కువైనదని, కాడ సాగి వెలుగుకై మెడ చాచుచున్న కాంతి తక్కువైనదని తరచుగా గ్రహించవచ్చును. కాని ఒక లక్షణమును చూచిన వెంటనే దీపమును మార్చక, వారము దినములు గమనించవలెను.

ఎండ ఉచితముగా దొరకుచుండగా దీపమెందుకని కొందరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అను ఆయన సజీవమైన సముద్రపు రాళ్లు, గాలి బుడగలు, సూర్యకాంతి మాత్రమే ఆధారముగా తొట్లను నడిపి, 1961లో తన పద్ధతిని గురించి వ్రాసెను. అయితే ఆయనకు సముద్రము దాపుననే కలదు; క్రొత్త నీరును, క్రొత్త రాయియు సులభముగా లభించెను. మన ఇంటి కిటికీనుండి పడు ఎండ ఋతువుతో మారును. వేసవిలో ఒక గంటసేపు ఎండ తగిలినను 80 లీటర్ల నీరు ప్రమాదకరముగా వేడెక్కును. కావున తొట్టిని కిటికీకి దూరముగా నుంచి, మన అదుపులోనున్న దీపమును నమ్ముకొనుటయే క్షేమము.

ఇక నీటిని నిలుపు పరికరములు. మొదటిది తొట్టియే. చిన్న తొట్టి చౌకయని తోచును గాని, నీరు తక్కువైన కొలది మార్పు త్వరగా కలుగును. కావున 80 లీటర్లకు లోపు నీటితో మొదలుపెట్టవద్దని మా సలహా. నీరు, గాజు, రాళ్లు కలిసి 120 కిలోల బరువును మించును. గోడకు కొట్టిన అర దానిని మోయదు. దానికొరకు చేసిన గట్టి స్టాండును, సమతలమైన నేలపై ఉంచవలెను.

నీటి విషయములో రాజీ పనికిరాదు. బావినీటిలోను, కుళాయినీటిలోను నైట్రేట్లు, సిలికేట్లు, క్లోరిన్, కొన్ని తావుల రాగి యుండవచ్చును. చేపకు హాని చేయని స్వల్పమైన రాగి వెన్నెముక లేని జీవులను చంపును. త్రాగునీటికై ఇంటిలో పెట్టు ఆర్.ఓ. యంత్రము చాలవరకు లవణములను తొలగించినను, రుచికై కొన్నిటిని మిగుల్చును, లేదా తిరిగి కలుపును. కావున చివర అయాన్లను తొలగించు గొట్టము గల ఆర్.ఓ. పరికరము కావలెను, దానినుండి వచ్చు నీటిలో టి.డి.ఎస్. కొలత సున్న చూపవలెను. ఆ నీటిలో సముద్రపు తొట్లకై తయారుచేసిన ఉప్పును లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలుపుదురు. వంటయింటి ఉప్పు పనికిరాదు. సముద్ర లవణములలో సోడియము, క్లోరైడు నూటికి 86 వంతులే. మిగిలిన మెగ్నీషియము, సల్ఫేటు, కాల్షియము మొదలైనవే మన జీవులకు ప్రాణాధారములు. రిఫ్రాక్టోమీటరుతో కొలిచినప్పుడు ఉప్పదనము వేయింటికి 35 వంతులు ఉండవలెను.

ఇక్కడ చాలమంది మరచు సంగతి ఒకటి కలదు. నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరి కాదు. మన తొట్టిలో 80 లీటర్లకు నాలుగు లీటర్లు తగ్గెనేని, ఉప్పదనము 35 నుండి సుమారు 37కు పెరుగును. వేసవిలో ఇది మూడు నాలుగు దినముల పని. తగ్గినదానికి బదులు ఉప్పునీరు పోసిన అపాయము రెట్టింపగును. పోయవలసినది శుద్ధమైన మంచినీరే. నీటిమట్టము తగ్గగానే చిన్న పంపుతో తనంతట మంచినీటిని పోయు పరికరము కలదు. స్కిమ్మర్‌కంటె, అందమైన అలంకారములకంటె ముందు దీనిని కొనవలెనని మేము చెప్పుదుము.

పగడము కదలలేదు. ఆహారమును తెచ్చుట, మురికిని కొనిపోవుట, ప్రాణవాయువును అందించుట నీటి కదలికవలననే జరుగవలెను. మెత్తని పగడముల తొట్టిలో గంటకు నీటి పరిమాణమునకు 15 నుండి 20 రెట్లు కదలిక యుండిన మంచిది. 80 లీటర్లకు అది 1,200 నుండి 1,600 లీటర్లు. ఒకే పెద్ద పంపు ఒకే దిక్కున జీవిపై ధారగా కొట్టుటకంటె, రెండు చిన్న పంపులు ఎదురెదురుగా నుండి అలలు కలిసినట్లు చేయుట శ్రేష్ఠము. ఒకటి చెడినను రెండవది తొట్టిని కాపాడును.

మన వాతావరణములో హీటర్‌కంటె చల్లదనమే పెద్ద సమస్య. తొట్టి 24 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడులో ఉండవలెను. అలవాటైన వేసవి గరిష్ఠముకంటె ఒకటి రెండు డిగ్రీలు హెచ్చి కొన్ని వారములు నిలిచినచో సముద్రములోని పగడములే తెల్లబారును. 1998లో లక్షద్వీపముల దిబ్బలకు ఆ గతి పట్టినది; 2023లో ఆరంభమైన వేడిమి ప్రపంచములోని అనేక సముద్రములలో అట్టి నష్టమునే కలిగించినది. సముద్రమే తాళలేనిదానిని మన చిన్న తొట్టి తాళునా?

చల్లార్చుటకు చౌకయైన సాధనము నీటి ఉపరితలముపై గాలి వీచు చిన్న ఫ్యాను. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు పీల్చు వేడిమి, 80 లీటర్ల నీటిని ఏడు డిగ్రీలు చల్లార్చుటకు సమానము. గదినుండి వేడిమి తిరిగి చేరుచుండును గనుక లాభము అంత కనబడదు. రెండు మూడు డిగ్రీలు తగ్గిన సంతోషింపవలెను. కుండలో నీరు చల్లబడు సూత్రమే ఇది. అందుచేతనే అనంతపురము, హైదరాబాదువంటి పొడి ప్రాంతములలో ఫ్యాను బాగుగ పనిచేయును. విశాఖ, కాకినాడవంటి తీరపు పట్టణములలో గాలి తేమగా నుండుటవలన అంతగా పనిచేయదు. అట్టి తావుల వేసవిలో చిల్లర్ అను శీతల యంత్రమో, తొట్టియున్న గదికి ఎయిర్ కండిషనరో లేక సాగదు. ఆ ఖర్చును మొదటనే లెక్కలో వేసికొనవలెను. తెలంగాణములోని శీతకాలపు రాత్రులకు మాత్రము థర్మోస్టాట్ గల 100 వాట్ల హీటర్ ఉండవలెను.

శుద్ధిపరచు పనిలో అధిక భాగము కంటికి కనబడని బాక్టీరియాది. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. రాళ్ల రంధ్రములలో నివసించు బాక్టీరియా దానిని మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. రంధ్రములు గల ఎండు రాయి, లేదా సెరామిక్ రాయి తెచ్చి, బాక్టీరియాను వేసి, నాలుగు నుండి ఆరు వారములు వేచియుండవలెను. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్న చూపిన పిమ్మటనే జీవులకు ప్రవేశము. మిగులు నైట్రేటును తగ్గించుటకు వారమునకు పది లీటర్ల నీటిని మార్చిన చాలును.

స్కిమ్మర్ అనునది నీటిలోనికి సన్నని బుడగలను పంపి, కరగిన మాలిన్యమును నురుగుగా పైకి తీయు పరికరము. సముద్రపు ఒడ్డున అలలు కట్టు నురుగువంటిదే. పెద్ద తొట్టికి అది అవసరము. 80 లీటర్లు, రెండు చేపలు మాత్రమే యున్న తొట్టికి వారము వారము నీరు మార్చుటలో శ్రద్ధగలవారు దానిని వాయిదా వేయవచ్చును. అతినీలలోహిత దీపములు, రసాయనములను చుక్కలు చుక్కలుగా వదలు యంత్రములు మొదటి సంవత్సరము అక్కరలేదు.

విద్యుచ్ఛక్తి విషయములో రెండు జాగ్రత్తలు కావలెను. మొదటిది వ్యయము. 50 వాట్ల దీపము తొమ్మిది గంటలు, పది వాట్ల పంపులు, ఐదు వాట్ల ఫ్యాను దినమంతయు పనిచేసిన రోజుకు సుమారు 0.8 యూనిటు అగును. చిల్లర్ వేసిన దినములలో ఇది రెట్టింపును మించవచ్చును. రెండవది అంతరాయము. దీపము ఒక దినము ఆరినను జీవులు బ్రదుకును. పంపు కొన్ని గంటలు ఆగిన ప్రాణవాయువు తగ్గి చేపలు మొదట చనిపోవును. కావున ఇన్వర్టర్‌కు పంపును మాత్రము కలుపవలెను; లేదా బ్యాటరీతో నడచు గాలిపంపును సిద్ధముగా నుంచవలెను. ఉప్పునీరు విద్యుత్తును బాగుగ ప్రవహింపజేయును. తొట్టికి వచ్చు లైనుపై 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును ఆపు ఆర్.సి.సి.బి. తప్పక పెట్టించవలెను. తీగలు ప్లగ్గునకు దిగువగా వంగి వ్రేలాడవలెను. అప్పుడు తీగ వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోనికి పోక నేలపై పడును. చేయి నీటిలో పెట్టుటకు ముందు స్విచ్చి ఆర్పుట ఇంటిలో అందరికిని అలవాటు కావలెను.

మరియొక హెచ్చరిక. కొన్ని జాతుల జొయాంథిడ్స్‌లో పాలిటాక్సిన్ అను తీవ్రమైన విషము కలదు. వానిని చేతి తొడుగులు లేకుండ ముట్టరాదు. కోయునప్పుడు కంటికి అద్దములు ధరింపవలెను. వానితో కూడిన రాతిని శుభ్రపరచుటకై వేడినీట మరిగించరాదు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాది ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశములలో జరిగినవి. చిన్నపిల్లలున్న ఇంటిలో వీనిని విడిచి పుట్టగొడుగు పగడములతో తృప్తిపడుట మంచిది.

ఇప్పుడు డబ్బు వెచ్చించవలసిన వరుస తేటపడినది. తొట్టి, స్టాండు, శుద్ధజలము తయారుచేయు పరికరము, ఉప్పు, పంపులు, మంచినీరు పోయు పరికరము, ఉష్ణమాపకము, రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియా, నైట్రేటు, క్షారత కొలుచు కిట్లు, చల్లదనపు ఏర్పాటు, తగిన దీపము. వీనికి సరిపడు డబ్బు చేతనున్నప్పుడే పని మొదలుపెట్టవలెను. లేనిచో సగము పరికరములతో జీవులను తెచ్చి బాధించుటకంటె, మరి ఆరు నెలలు కూడబెట్టుట మేలు. తొట్టిలో నీరు పోసిన నాటినుండి మొదటి పగడమును తెచ్చు నాటివరకు కనీసము రెండు నెలలు గడువనీయవలెను. ఆ రెండు నెలలును ప్రతి ఉదయము ఉష్ణోగ్రతను, ఉప్పదనమును ఒక పుస్తకములో వ్రాసి యుంచుడు. ఏప్రిల్, మే నెలలలోను ఆ అంకెలు కదలకుండ నిలిచినచో మీ తొట్టి సిద్ధమైనది. నిలువకున్నచో లోపము ఏ పరికరములో నున్నదో ఆ పుస్తకమే చెప్పును. ఒక్క జీవి ప్రాణము పోకుండగనే దానిని సరిదిద్దుకొనవచ్చును.